ఇంటి జ్ఞాపకము

రాత్రి భోజనమైన పిదప మాత్ర వేసికొంటినా లేదా యను సందేహము, మాత్ర సంగతియే మఱచిపోవుటకంటె క్లిష్టమైన చిక్కు. మఱచినవానికి వేళకు గంట మ్రోగించి చెప్పువారుండిన చాలును. సందేహములో పడినవానికి జరిగినదానిని గూర్చిన సాక్ష్యము కావలెను. ఈ రెండును వేర్వేఱు లోపములని స్థూలదృష్టికి తోచకపోవచ్చును గాని, నిత్యజీవనములో మనకు తోడ్పడుటకై ఫోనులలో చేరిన నోట్సు యాప్‌లను, గుర్తుచేయు యాప్‌లను పోల్చి చూడబూనినప్పుడు మొట్టమొదట తేల్చుకొనవలసినది ఈ భేదమే. చేయవలసినదానిని వేళకు తలపించునవి కొన్ని. చేసినదానిని, విన్నదానిని, చూచినదానిని పదిలపఱచునవి కొన్ని. రెండు పనులును తామే చేయుదుమని ముందునకు వచ్చునవి మఱికొన్ని. నగరములలో ఆఫీసు పనులు చేసికొనువారికి ఈ భేదము సౌకర్యమునకు మాత్రమే సంబంధించినది. పలాస మొదలుకొని కవిటి, ఇచ్ఛాపురముల దాక సముద్రతీరమువెంబడి కొబ్బరి, జీడి, పనస తోటల నీడలో వ్యాపించిన ఉద్దానములో ఇది ఆరోగ్యమునకు, ఒక్కొక్కచో ప్రాణమునకే సంబంధించినది. కావున ఈ యాప్‌ల మంచిచెడ్డలను అక్కడి యిండ్లలో నిలిచి తూచి చూడదలచినాను.

ఉద్దానపు మూత్రపిండవ్యాధిని గూర్చి తెలుగువారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. మధుమేహము గాని రక్తపుపోటు గాని లేనివారిని, తోటపని చేసికొని బ్రతుకు నడివయస్సువారిని ఈ వ్యాధి పట్టుచుండుటయు, దీని కారణమును నిశ్చయముగా తేల్చుట పరిశోధకులకింకను సాధ్యము కాకుండుటయు లోకవిదితములు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రియు, దానితోపాటు మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి; హిరమండలము జలాశయమునుండి ఈ పల్లెలకు త్రాగునీరు తెచ్చు పథకమును ఆనాడే మొదలైనది. ఈ వ్యాధి స్వభావములో మన ప్రస్తుత విషయమునకు సంబంధించిన యంశమొకటి కలదు. తొలిదశలలో అది నొప్పి కలిగింపదు. మనిషి చెట్టెక్కుచు, బరువులు మోయుచు, ఎప్పటివలెనే తిరుగుచుండును. లోపల జరుగుచున్న క్షయమును తెలుపునది రక్తపరీక్షలోని క్రియాటినిన్ అంకె. ఆ యంకెకైనను ఒంటరిగా అర్థము తక్కువ. నిరుడెంత, ఆఱు నెలల క్రిందటెంత, నేడెంత యని వరుసగా చూచినపుడు గాని వైద్యునకు వ్యాధి నడక బోధపడదు. అందుచేతనే ఈ ప్రాంతమున ఆసుపత్రికి బయలుదేఱినవారి చేతిలో అన్నపు క్యారియరుతోపాటు ప్లాస్టిక్ సంచిలో కాగితముల కట్ట తప్పక కనబడును. పాత చీటీ పోయినచో, శరీరము చెప్పని సంగతిని చెప్పగల సాక్షియే పోయినట్లు.

వ్యాధి ముదిరి డయాలిసిస్ దాక వచ్చినపుడు వ్రాసికొనవలసినది మఱింత పెరుగును. సాధారణముగా వారమునకు మూడు మార్లు, మారునకు నాలుగు గంటల చొప్పున యంత్రము దగ్గఱ గడపవలెను. ఒక మారునకును మఱొక మారునకును నడుమ ఒంట చేరిన నీరెంతయో బరువునుబట్టి తెలియును గావున, యంత్రమునకు ముందొక బరువు, తరువాత నొక బరువు, త్రాగిన నీటికి కొలత, ఉప్పునకు కొలత, ఉదయమున వేసికొనునవి, భోజనముతో కలిపి వేసికొనునవి, రాత్రి వేసికొనునవి యని మాత్రల వరుస. ఇంతటి లెక్కను ఏ మనిషియు తలలో మోయలేడు, అందును ఒంట్లో ఓపిక తఱిగిపోయిన మనిషి అసలే మోయలేడు.

కంచిలి ప్రాంతమున నేనెఱిగిన యొక యింటిలో ఈ లెక్కయంతయు ఇల్లాలు ఒక రూళ్ల నోటుపుస్తకములో ఉంచుచున్నది. ఎడమ పుటలో తేదీ, ఎక్కకముందు బరువు, దిగిన పిదప బరువు, రక్తపుపోటు. కుడి పుటలో ఆ దినమున వైద్యులు చెప్పిన మాట. ఎక్కుట, దిగుట యని ఆమె వ్రాయుట యంత్రమును ఉద్దేశించి; ఆ యింట అందఱును అట్లే అందురు. అట్ట లోపలి వైపున మాత్రల పేర్లున్న రేకు ముక్కలను కత్తిరించి వరుసగా అంటించి, ఒక్కొక్కదాని ప్రక్కన సూర్యుని బొమ్మయో, కంచము బొమ్మయో, చంద్రుని బొమ్మయో పెన్నుతో వేసియున్నది. ఇంగ్లీషు పేర్లు తాను వ్రాయుటలో అక్షరము తప్పినచో దుకాణములో వేఱొక మందు ఇత్తురేమోయని ఆమె పన్నుకొన్న యుపాయమది. హైదరాబాదులో ఉద్యోగము చేయు కుమారుడు తండ్రి ఫోనులో గూగుల్ క్యాలెండరు నమర్చి, సోమ, బుధ, శుక్రవారములలో బయలుదేఱు వేళకును, ప్రతిదినము మాత్రల వేళకును మ్రోగునట్లు ఏర్పాటు చేసెను. ఆ యేర్పాటెట్లున్నదని అడిగినపుడు ఆ తల్లి యిట్లనెను: “సెల్లు మోగీసింది గానీ, మందు మింగినాడో నేదో సెల్లుకేటి తెలస్తాది బావూ? నాను పుస్తకంలో గీత పెడితేనే తెలస్తాది.” అటుపిమ్మట నేను ఏ యాప్‌ను చూచినను ఈ ప్రశ్ననే దాని ముందుంచుచున్నాను.

మనస్తత్త్వశాస్త్రజ్ఞులు జరిగినదానిని తలచుకొనుటను, జరుపవలసినదానిని తలచుకొనుటను వేర్వేఱుగా పరిగణింతురు. రెండవదానిలో మరల రెండు తెఱగులు: ఇన్ని గంటలకు చేయవలెనని గడియారమునుబట్టి తలచుకొనునది యొకటి, ఫలానిది జరిగినపుడు చేయవలెనని సంఘటనమునుబట్టి తలచుకొనునది మఱొకటి. ఈ విభజనను శాస్త్రములో నెలకొల్పిన అమెరికను పరిశోధకులు ఐన్‌స్టీన్, మెక్‌డేనియల్ అనువారు 1990లో ప్రకటించిన పరిశోధనలో, సంఘటనమును ఆనవాలుగా ఇచ్చినపుడు వృద్ధులు యువకులకు తీసిపోలేదని తేల్చిరి. ఇది మన యిండ్లలో నిత్యమును కనబడు సత్యము. ఫాస్ఫరసును తగ్గించు మాత్ర అన్నముతో కలిసి కడుపులో పడినగాని పనిచేయదు. ఫోను ఒంటిగంటకు మ్రోగును; తోటలో కాయ దింపించుచున్న గృహస్థు ఇంటికి వచ్చి కంచము ముందు కూర్చుండుట రెండున్నరకు కావచ్చును. ఒంటిగంటకు ఆ మ్రోత నాపివేసిన చేయి రెండున్నరకు దానిని తలచుకొనదు. ఈ మాత్రకు తగిన గుర్తు, మునుపు ఉప్పుగిన్నె ఉండుచుండిన చోట ఇప్పుడుంచిన మాత్రల డబ్బాయే. కంచము పెట్టగనే కన్ను దానిమీద పడును. డయాలిసిస్‌కు బయలుదేఱుటకు, పలాసలో రైలు పట్టుటకు, పరగడుపున రక్తమిచ్చుటకు పోవుటకు మాత్రము గడియారమే ఆధారము. వానికి ఫోనులోని మామూలు అలారమును మించినది నాకు కనబడలేదు. అది నెట్టు అడుగదు, ఖాతా తెఱువుమనదు, చందా కోరదు. ఒకే చిన్న వాక్యము తెలుగులో వ్రాసి పెట్టినచో మ్రోగునప్పుడు దానిని చూపును.

సందేహమను ఆ మొదటి చిక్కునుండియే పుట్టిన యాప్ ఒకటి కలదు. ఇజ్రాయెలుకు చెందిన సోదరులిద్దఱు, మధుమేహరోగియైన తమ తండ్రి ఇన్సులిన్ వేసికొన్న సంగతి మఱచి మరల వేసికొనగా, అట్టి ప్రమాదము తప్పించు తలంపుతో 2012లో మెడిసేఫ్ అను దానిని స్థాపించిరి. మందు వేసికొన్నట్లు వేలితో నొక్కి తెలుపుట, తెలుపనిచో మనము ముందుగా ఎన్నుకొన్న ఆప్తుని ఫోనునకు కబురు పోవుట దానిలోని విశేషము. గంటయు, గీతయు, మఱొక మనిషియు అందులో కలిసియున్నారు. నేనెఱిగినంతలో గృహస్థుల కష్టమునకు ఇంత దగ్గఱగా వచ్చినది వేఱొకటి లేదు. దూరదేశముననున్న బిడ్డకు ఇదెంత యూరటయో చెప్పనలవి కాదు. అయినను కబురు పోవుట మింగకపోయినందుకు కాక నొక్కకపోయినందుకు. తండ్రి ఫోనును తోటగట్టున వదలి వచ్చిన దినమున హైదరాబాదులోని కుమారుడు ఊరకయే కలవరపడును. కంచిలి దగ్గఱి ఆ యిల్లాలు గీత పెట్టుట మాత్రము కన్నులార చూచిన పిదపనే.

ఇక ఆరోగ్యవిషయము నటుంచి, వాడుకలోనున్న తక్కిన వానిని గూర్చి నా అభిప్రాయము చెప్పెదను. 2013 మార్చిలో వచ్చిన గూగుల్ కీప్ సంసారులకు అన్నిటికంటె అనువైనదని నా నిశ్చయము. సరుకుల జాబితాను అందులో వ్రాసి ఇంటివారితో పంచుకొన్నచో, కాసీబుగ్గ బజారులో భర్త పప్పు కొని టిక్కు పెట్టగనే ఇంటనున్న భార్యకు అది తెలియును. ఆమె అప్పటికప్పుడు చేర్చిన చింతపండు ఆతని జాబితాలో ప్రత్యక్షమగును. మందులచీటీని ఫొటో తీసి దాచుకొనవచ్చును, మాటలాడి వ్రాయించుకొనవచ్చును. చీటీలు వందలకు మించినపుడు మాత్రము అది గజిబిజి యగును. గుర్తుచేయు పనియు ఇటీవల టాస్క్స్ అను వేఱొక యాప్‌నకు పోయినందున, వ్రాసినదొకచోట, మ్రోగునదొకచోట యైనది. 2003లో పుట్టిన మైక్రోసాఫ్ట్ వన్‌నోట్ విస్తారమైనది, భాగములుగా పుటలుగా విభజింపబడినది. పాఠములు తయారుచేసికొను ఉపాధ్యాయునకు, పోటీపరీక్షలకు చదువు విద్యార్థికి అది తగును గాని, దినమునకు రెండంకెలు వ్రాయవలసిన యిల్లాలికి దానిని తెఱచుటయే పెద్ద పని. 2007 నుండియు ఉన్న టుడూయిస్ట్ ప్రతి సోమవారము అని ఇంగ్లీషులో వ్రాసినచో తానే గ్రహించి వేళ నిర్ణయించును. తెలుగులో వ్రాసినచో గ్రహింపదు. ఒకప్పుడు ఈ రంగమునకు రాజైన ఎవర్‌నోట్, 2023 డిసెంబరు నుండి చందా కట్టనివారు 50 నోట్సుకు మించి వ్రాయరాదని కట్టడి చేసినది; చందా పెట్టుకొనలేని యింటికి దానిని నేను చెప్పను.

పలాస, టెక్కలి ప్రాంతములలో నేను చూచినంతవఱకు ఎక్కువమంది వాడునది వీనిలో ఏదియు కాదు, వాట్సాప్. తనకు తానే సందేశము పంపుకొను వీలు 2022 నవంబరులో దానిలో వచ్చినది. జీడిపప్పు వ్యాపారులు తమకు తామే పంపుకొనిన సందేశములలో 80 కిలోల పిక్కల బస్తాలెన్ని దిగినవి, 240 రకమెంత, 320 రకమెంత, బద్ద ధర యెంత, ముక్క ధర యెంత యని వ్రాసికొందురు. వ్రాయుటకు తీఱిక లేనివారు మాటగా చెప్పి ఉంచుకొందురు. ఎవరికిని క్రొత్తగా నేర్పనక్కఱలేకుండుట దాని గొప్పతనము. కాని వ్రాసినది పైకి జరిగిపోవును. మాటగా ఉంచినది వెదకినను చిక్కదు. అది వేళకు పిలుచుటకై ఏర్పడినదియును కాదు. తెలుగులో మాటలాడి అక్షరములుగా వ్రాయించు సదుపాయము గూగుల్ కీబోర్డులో 2017 ఆగస్టు నుండి ఉన్నను, ఉద్దానపు పలుకుబడిని అది ఇంకను సరిగా పట్టుకొనదు. ఒకసారి అను అర్థములో ఓపాలి అన్నచో వేఱేదో వ్రాయును. ఇక్కడి వృద్ధులు యంత్రముకొఱకు తమ నాలుకను దిద్దుకొనవలసి వచ్చుట నాకు బాధాకరముగా ఉన్నది.

వ్రాసినది ఎంతకాలము నిలుచునను ప్రశ్న, ఈ యాప్‌లను పోల్చువారు తఱచుగా విడిచిపెట్టునది. బెర్లిను నగరములో పుట్టి లోకమంతట పేరుగన్న వండర్‌లిస్ట్ అను పనుల జాబితా యాప్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో కొని, 2020 మే 6న మూసివేసెను. మైక్రోసాఫ్ట్ టు డూలోనికి ముందుగా మార్చుకొన్నవారి జాబితాలు దక్కినవి. మనకు ఇంతకంటె దగ్గఱి యనుభవమొకటి కలదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస తీరమున ఒడ్డు దాటినపుడు, కొబ్బరిచెట్లును జీడితోటలును వేళ్లతో కూలినవి. స్తంభములు పడిపోయి పల్లెలకు రోజుల తరబడి విద్యుత్తు లేకపోయెను. ఛార్జింగు లేని ఫోనులో ఉన్న మందుల పేరు, కుమారుని నంబరు, ఆసుపత్రికి పోవలసిన తేదీ, అన్నియు ఒక్కమారే నోరు మూసికొన్నవి. అంతకు ఐదేండ్ల ముందు, 2013 అక్టోబరు 12న, ఒడిశాలోని గోపాల్‌పూరు వద్ద ఒడ్డు దాటిన ఫైలిన్ తుపాను కూడ ఈ తోటల నిట్లే బాధించినది. అక్టోబరు వచ్చుచున్నదనగనే ఉద్దానపు గృహస్థు తన ఫోనులోని ముఖ్యములైన నాలుగు సంగతులను ఒక కాగితముమీదికి ఎక్కించి, మడతపెట్టి, బీరువాలో తుపాను తడి తగులనిచోట ఉంచుట అత్యవసరమని నేను గట్టిగా నమ్ముచున్నాను.

కాగితము నిలుచుటకు సాక్ష్యమును ఈ ప్రాంతముననే ఉన్నది. నౌపడ నుండి పోవు రైలుమార్గమున ఉన్న పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడై యుండి, గిరిజనులైన సవరలనుండి వినిన మాటలను, కథలను, పాటలను ఏండ్ల తరబడి వ్రాసికొనుచు వచ్చెను. వానినుండియే 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును అచ్చులోనికి వచ్చినవి. ఆయన వ్రాసికొన్నది తన జ్ఞప్తికొఱకే యైనచో ఒక సంకేతమో, అరవాక్యమో చాలియుండును. ఆ భాష నెఱుగని మఱొకరు చదివినను తెలియునట్లు, విన్న శబ్దము విన్నట్లు వ్రాసెను. కంచిలి ఇల్లాలి కంచము బొమ్మయు ఈ జాతిలోనిదే. ఆమె ఊరికి పోయిన దినమున కోడలో, ఆడపడుచో ఆ పుస్తకము తీసి మాత్ర ఇయ్యగలరు. ఫోనులో వ్రాసికొనువారు సాధారణముగా తమకు మాత్రమే తెలియు పొట్టిమాటలలో, తమ వ్రేలిముద్రతో మాత్రమే తెఱచుకొను పెట్టెలో వ్రాసికొందురు. ఒంటరిగా బ్రతుకువాని కొఱకు కల్పించిన యీ పద్ధతి, నలుగురు కలిసి ఒకరిని కనిపెట్టుకొని యుండెడి మన యిండ్లకు సరిపోదు. ఈ విషయములో చిల్లర దుకాణదారులకై వచ్చిన ఖాతాబుక్ మేలైన దారి చూపినది: అప్పు పద్దు వ్రాయగనే తీసికొన్నవానికిని సందేశము పోవును, అదియు తెలుగులో పోవు వీలున్నది, ఒక లెక్కను ఇద్దఱెఱిగియుందురు.

అందఱెఱుగుట యన్నిచోటుల మంచిది కాదనియు నేనెఱుగుదును. ఉద్దానములో పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు ఇంటిలో ఈ వ్యాధి ఉన్నదా యని అవతలివారు విచారింతురు. ఉన్నదని తెలిసినచో వెనుదీయుదురు. అట్టి యింటిలో క్రియాటినిన్ అంకెలున్న ఫోను బంధువుల పిల్లల చేతికి ఆటకు పోవుట చిన్న విషయము కాదు. ఆపిల్ నోట్సులోను, శామ్‌సంగ్ నోట్సులోను ఒక్కొక్క వ్రాతకు వేఱుగా తాళము వేయు వీలు కలదు. ఆరోగ్యపు లెక్కకు దానిని వాడుట మంచిది, ఆ తాళపు రహస్యసంఖ్యను ఇంటిలో మఱొకరికి చెప్పియుంచుట ఇంకను మంచిది.

తెలుగు గృహస్థునకు గూగుల్ క్యాలెండరు, కీప్, టుడూయిస్టులలో సమానముగా కనబడు కొఱత తిథి లేకుండుట. తండ్రి ఆబ్దికము తిథినిబట్టి వచ్చును. చాంద్రమాన సంవత్సరము ఇంచుమించు 354 దినములు గావున తిథి ప్రతియేట పదునొకండు దినములు ముందునకు జరుగును. 2023లో అధిక శ్రావణము వచ్చినట్లు సుమారు రెండున్నరయేండ్లకు పైబడి ఒక అధికమాసము వచ్చి దానిని వెనుకకు నెట్టును. ప్రతి సంవత్సరము మ్రోగుమని చెప్పిన ఫోను ఇంగ్లీషు తేదీకే మ్రోగును. ఆనాడు తిథి ఉండదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు సముద్రముమీది వేట నిషేధమును గుర్తుచేయుటకు ఈ క్యాలెండరు చక్కగా సరిపోవును, అది ప్రభుత్వము ఇంగ్లీషు తేదీలతో పెట్టినది గనుక; అదే బారువ, భావనపాడు జాలరులు పోటుపాటులకు చూచుకొను అమావాస్య పౌర్ణమిలకు సరిపోదు. ఉగాదినాడు పంచాంగము ముందుంచుకొని, ఆ యేటి ఆబ్దికములు, నోములు ఏ తేదీలకు వచ్చినవో ఒక్కొక్కటిగా ఫోనులో వేయుట యొకటే ప్రస్తుతమునకు మార్గము. నేనట్లే చేయుచున్నాను, గోడమీది తెలుగు క్యాలెండరులో పెన్నుతో చుట్టు చుట్టుటను మానలేదు.

టెక్కలిలో ఇంజినీరింగు కళాశాల ఉన్నది. ఇచటి పిల్లలు ఏటేట యాప్‌లు కట్టుట నేర్చుకొని హైదరాబాదు, బెంగుళూరులకు పోవుచున్నారు. వారిలో ఎవరైనను తమ ప్రాంతము కొఱకు ఒకటి చేయబూనినచో, అది కవిటి, మందస పల్లెల మాటను విని, ఎక్కినప్పుడు ఇంత, దిగినప్పుడు ఇంత అన్న రెండంకెలను తేదీతో సహా తానే వ్రాసికొనవలెను, సిగ్నలు లేని తోటలోను పనిచేయవలెను, మాత్ర వేళను గడియారముతో కాక భోజనముతో ముడిపెట్టి, అన్నము తిన్నారా యని అడిగి అప్పుడు చెప్పవలెను, ఇల్లాలు ఔననినగాని గీత పెట్టరాదు, ఎవరెవరికి చూపవలెనో ఇంటివారే నిర్ణయించునట్లుండవలెను, తిథి తెలిసియుండవలెను. నెలకొకమారు ఆ లెక్కయంతయు పెద్ద తెలుగు అక్షరములతో ఒకే పుటలో అచ్చు వేయించుకొను వీలును అందులో తప్పక పెట్టవలెను. డయాలిసిస్ కేంద్రములో నర్సు చేతికిచ్చుటకు కాగితమే అనువు, తుపాను దినములలోను అదియే అక్కఱకు వచ్చును.